అరంగుళం కోత

ఆషాఢంలో పట్టిన ముసురు శ్రావణం వచ్చినా వదలకపోవడంతో, మేడలంకలో పాలంకి పుల్లంరాజు మాస్టారింటి బాత్రూం తలుపు నీళ్ళు పీల్చుకుని ఉబ్బింది. ఉబ్బి, బరువెక్కి, కిందికి జారి, గడపకు తన్నుకుంది. ఎంత బలంగా తోసినా జానెడు మేర తెరుచుకునే ఉండిపోయేది.

ఆ జానెడు సందు వల్ల ఇంట్లో అందరి అలవాట్లూ మారిపోయాయి. ఒకప్పుడు నాటకాల్లో వేషాలు కట్టిన మాస్టారి మామగారు కోదండపాణి గారు లోపల ఉన్నంతసేపూ గొంతెత్తి రాగాలు తీసేవారు. లోపల మనిషున్నాడని అదే గుర్తు. డిగ్రీ చదువుతున్న కూతురు హంసిని రసాయనశాస్త్రం పాఠాన్ని పైకి వల్లె వేసేది. పాటా పాఠమూ రెండూ రాని భార్య చంద్రకాంతం మాత్రం బకెట్టు మీద చెంబుతో అదేపనిగా కొట్టేది. వారం తిరిగేసరికి ఎదురింటాయన, "మీ ఇంట్లో భజనలేవైనా పెట్టారా మాస్టారూ?" అని మర్యాదగా అడిగాడు.

పుల్లంరాజు గారు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. గీత గీస్తే గీతలా ఉండాలనే మనిషి. స్కేలూ పెన్సిలూ పట్టుకుని తలుపు ముందు గొంతుక్కూర్చుని రెండుసార్లు కొలిచారు. కింది అంచున అరంగుళం తీసేస్తే తలుపు హాయిగా పడుతుంది.

"ఆ పేరాచారిని పిలవకూడదూ?" అంది చంద్రకాంతం.

"రెండుసార్లు కబురు పెట్టాను. ఇళ్ళ పనులు చెయ్యకూడదని ఏదో రూలొచ్చిందట, రానన్నాడు. అరంగుళానికి వడ్రంగి దేనికే? చిన్న చేతిరంపం తెచ్చి నేనే కోసేస్తాను. ఆదివారం పొద్దున్న పది నిమిషాల పని."

ఆయన ఆ మాటన్నది ఒక గురువారంనాడు.

శుక్రవారం బడి వదలగానే మాస్టారు వీరాస్వామి ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళి, "ఒక రంపం ఇవ్వవయ్యా" అన్నారు. వీరాస్వామి రోడ్డుకి అటూ ఇటూ చూసి, గల్లాపెట్టె మీదికి వంగాడు.

"మెల్లిగా అనండి మాస్టారూ. ఎంపిక పత్రం ఉందా?"

"ఏం పత్రం?"

"అదే మరి. లేకపోతే అమ్మకూడదండి. నిన్ననే ఒకాయనకి హ్యాక్సా బ్లేడు అమ్మానని సంజాయిషీ రాయించుకున్నారు."

వీరాస్వామి చెప్పిన దాన్నిబట్టి సంగతి ఇదీ. ఊరికి కొత్తగా వచ్చిన మునిసిపల్ కమిషనరు గారు అంతకుముందు ఏదో శిక్షణ కోసం దూరదేశం వెళ్ళారు. అక్కడి జనం ఎవరి ఇంట్లో వాళ్ళే బల్లలూ, అల్మారాలూ చేసుకోవడం చూసి చలించిపోయారు. వస్తూనే 'ఇంటింటా కర్మశాల' అనే పథకం పెట్టారు. నా ఇల్లు, నా రంపం అన్నది దాని నినాదం. అయితే జనానికి ఏ పనికి ఏ రంపం కావాలో తెలియదు. తెలియకుండా తప్పుడు రంపం కొంటే శ్రమా కలపా రెండూ దండగ. అందుకని, సరైన రంపాన్ని ప్రభుత్వమే శాస్త్రీయంగా ఎంపిక చేసి పత్రం ఇచ్చేదాకా ఎవరూ రంపం కొనకూడదు. వడ్రంగులు అందుబాటులో ఉంటే జనానికి సొంతంగా చేసుకోవాలన్న పట్టుదల రాదు గనక, ఏడాదిపాటు వాళ్ళు ఇళ్ళ పనులు ముట్టుకోకూడదు.

"మంచి ఉద్దేశమే," అన్నారు పుల్లంరాజు గారు. ఆయన స్వభావం అలాంటిది. "ఆ పత్రం ఎక్కడిస్తారు?"

పత్రం ఇచ్చేది పాత పశువుల ఆసుపత్రి భవనంలో. 'గృహ కర్మశాలల రంపాల శాస్త్రీయ ఎంపిక, మార్గదర్శక, పర్యవేక్షణ కేంద్రం' అన్న బోర్డు భవనం కన్నా పొడవుగా ఉండి, రెండువైపులా గాల్లోకి పొడుచుకొచ్చింది. మాస్టారు లోపలికి అడుగు పెట్టేసరికి, టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చినవాడు వడ్రంగి పేరాచారి.

"నువ్విక్కడున్నావేమిటయ్యా?"

"ఆయ్, అటెండరుగా ఏసుకున్నారండి. ఊళ్ళో వడ్రంగుల రంపాలన్నీ తెచ్చి అదిగో, ఆ కొట్టుగదిలో పెట్టి కొబ్బరికాయంత తాళంకప్ప ఏశారండి. ముప్ఫై ఎనిమిది రంపాలు. వాటిని ఎవరూ శాస్త్రీయంగా ఎంపిక చెయ్యలేదంటండి. మా నాన్న ఎంచుకున్నాడండీ అన్నాను. అది లెక్కలోకి రాదన్నారు."

పుల్లంరాజు గారు అతని చెవిలో తలుపు సంగతి చెప్పారు. పేరాచారి పళ్ళెం చంకలో ఇరికించుకుని, గొంతు తగ్గించి, "అది అసలు రంపం పనే కాదండి మాస్టారూ. తలుపు దింపి, చిత్రిక పట్టి అంచు మీద నాలుగు లాగుళ్ళు లాగితే..." అంటూ ఉండగానే లోపలి గదిలోంచి గంట మోగింది.

"పేరాచారీ! సాంకేతికాభిప్రాయం వ్యక్తం చేస్తున్నావా?"

"లేదండి! పంచదార ఎంతెయ్యమంటారో అడుగుతున్నానండి!"

లోపల ఉన్నది ఎంపికాధికారి విశ్వపతి గారు. అంతకుముందు జనన మరణాల విభాగంలో పనిచేశారు. ఆయన అద్దాల పైనుంచి మాస్టారిని చూసి, ఎనిమిది పేజీల దరఖాస్తు ముందుకి తోశారు.

"తమరి ప్రాజెక్టు ఏమిటి?"

"ప్రాజెక్టేం లేదండి. బాత్రూం తలుపు పట్టేసింది. అరంగుళం కోయాలి."

"పట్టేయడం అనేది సమస్య. సమస్యకు మేము పత్రం ఇవ్వజాలము. ప్రాజెక్టుకు మాత్రమే ఇవ్వగలము. ప్రాజెక్టుకు శీర్షిక, లక్ష్యము, ఆశించిన సామాజిక ఫలితము ఉండవలెను."

మాస్టారు కాసేపు ఆలోచించి, శీర్షిక దగ్గర 'తలుపు' అనీ, లక్ష్యం దగ్గర 'మూసుకోవడం' అనీ, సామాజిక ఫలితం దగ్గర 'మర్యాద' అనీ రాశారు. విశ్వపతి గారు మూడో జవాబు చదివి, మొదటిసారిగా తలాడించారు.

"చేతిరంపమా, కరెంటు రంపమా అన్నది సంఘం నిర్ణయిస్తుంది. బుధవారం రండి."

ఆ బుధవారం సమావేశంలో బల్ల చుట్టూ నలుగురు కూర్చున్నారు. విశ్వపతి గారు అధ్యక్షులు. మిగతా ముగ్గురినీ కమిషనరు గారే స్వయంగా, సంబంధిత శాఖలన్నిటికీ ప్రాతినిధ్యం ఉండాలని నియమించారు. కోతకు సంబంధించిన విషయం గనక వ్యవసాయాధికారి ఒకరు. కరెంటు కోతల దృష్ట్యా విద్యుత్ శాఖ ఇంజనీరు ఒకరు. రంపానికి పళ్ళుంటాయి గనక దంతవైద్యుడు ఒకరు. టీ అందిస్తున్న పేరాచారిని మినహాయిస్తే, ఆ గదిలో ఎవరూ జన్మలో రంపం పట్టినవాళ్ళు కారు.

"ముందుగా ఒక విషయం తేలాలి," అన్నారు వ్యవసాయాధికారి, కళ్ళు సగం మూసి. "తలుపు కోతకు వచ్చిందా?"

"అంటే?" అన్నారు మాస్టారు.

"పక్వానికి రాకముందే కోస్తే దిగుబడి పడిపోతుంది. మా శాఖ అనుభవం అది."

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "నాది సూటి ప్రశ్నండి. వీరికి కరెంటు రంపం సిఫారసు చేశామనుకోండి. మా శాఖ కోత అమలు చేసే వేళల్లో వీరి కోత ఆగిపోతుంది. సగం కోసిన తలుపుకు మా శాఖ బాధ్యత వహించదు. ఆ మేరకు వీరు ముందుగానే హామీపత్రం రాసివ్వాలి."

"చేతిరంపమే ఇప్పించండి, చాలు," అన్నారు మాస్టారు.

"చేతిరంపమంటే మరి పళ్ళ సంగతి తేలాలి," అన్నాడు దంతవైద్యుడు ఉత్సాహంగా. "అంగుళానికి ఎన్ని పళ్ళు? వాటి అమరిక ఎలాంటిది? వీరాస్వామి కొట్లో నేను స్వయంగా పరీక్షించాను. ఒక్క రంపంలోనూ పళ్ళు వరసగా లేవు. ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ వంగి ఉన్నాయి. అన్నిటికీ క్లిప్పులు వెయ్యాల్సిన కేసులే."

మూల నిలబడ్డ పేరాచారి దగ్గాడు. రంపం పళ్ళను అలా అటొకటి ఇటొకటి వంచేది అది కలపలో బిగుసుకుపోకుండా ఉండటానికని ఊళ్ళో ప్రతి వడ్రంగికీ తెలుసు. అతను మళ్ళీ దగ్గాడు. విశ్వపతి గారు అతనివంక చూసి, "ఆరోగ్యం బాగోలేకపోతే సెలవు పెట్టు," అన్నారు.

రెండున్నర గంటల చర్చ తరవాత సంఘం ఒక అభిప్రాయానికి వచ్చింది. దరఖాస్తుదారుకు రంపాల గురించి అవగాహన లేదు. అవగాహన లేని వ్యక్తికి ఏ రంపం ఎంపిక చేసినా అది ఎంపిక అనిపించుకోదు. కనక ఆయన ఆరు వారాల శిక్షణ పొందాలి.

శిక్షణ మునిసిపల్ కల్యాణ మండపంలో, రోజూ సాయంత్రం నాలుగున్నరకు. ముప్ఫై మంది చేరారు. అందరివీ చిన్న చిన్న అవసరాలే. ఒకావిడకి పూజగది అర కోయాలి, ఒకాయనకి కోళ్ళగూడు చేసుకోవాలి. భద్రతా కారణాల వల్ల శిక్షణ ప్రాంగణంలోకి రంపాలను అనుమతించలేదు. అందుచేత డ్రాయింగు మాస్టారు కాబట్టి పుల్లంరాజు గారినే పిలిచి రంపాల బొమ్మలన్నీ నల్లబల్ల మీద వేయించారు. ఆయన పంటికి పన్ను వదలకుండా వేశారు.

ఆ బొమ్మలు చూపిస్తూ, శిక్షకుడు పుస్తకంలోంచి చదివి చెప్పేవాడు. పళ్ళు సన్నగా, దగ్గరగా ఉంటే కోత నిదానం, అంచు నునుపు. పెద్ద పళ్ళదైతే చకచకా తెగుతుంది గాని అంచు పెచ్చులు లేస్తుంది. వంపులు తిప్పాలంటే జిగ్‌సా మిషను. పొడవాటి తిన్నని కోతకు గుండ్రటి బ్లేడు మిషను. ఇనుముకు హ్యాక్సా. ఇంట్లో నెలకోమారు వచ్చే చిన్న పనికి మిషను దేనికి, మంచి చేతిరంపం ఒకటి చాలు. ఈ చివరి మాట వినగానే పుల్లంరాజు గారు చెయ్యెత్తి, "నాకు అదే కావాలండి," అన్నారు. ప్రశ్నలు ఆఖరి వారంలో మాత్రమే అడగాలని కూర్చోబెట్టారు.

మూడోవారం నుంచి ప్రాక్టికల్సు. ఈల ఊదగానే ముప్ఫై మందీ ఒక మోకాలు కుర్చీ మీద పెట్టి, ఉత్త చేతుల్తో గాలిని కోసేవారు. ఈల రెండోసారి మోగితే కోత ఆపి, చెమట తుడుచుకునేవారు. దారిన పోయే జనం కిటికీల దగ్గర గుమిగూడేవారు. "ఏదో కొత్త యోగమంట," అని చెప్పుకునేవారు. కోళ్ళగూడాయన నాలుగోవారంలో కోళ్ళనే అమ్మేసుకుని మానేశాడు.

పరీక్షలో పుల్లంరాజు గారికి ఊరంతటిలోకీ మొదటి మార్కు వచ్చింది. రంపం మాత్రం రాలేదు. పత్రం ఇవ్వబోయే ముందు క్షేత్ర పరిశీలన జరగాలి. దానికి తేదీ కుదరడానికి ఇంకో ఐదు వారాలు పట్టింది.

పరిశీలన బృందం వచ్చేసరికి కార్తీకం సగమైంది. వానలు వెనకబట్టి, పగలు చక్కటి ఎండ కాస్తోంది. విశ్వపతి గారు టేపు పట్టుకుని బాత్రూం తలుపును వేలితో అలా ముట్టుకున్నారు. తలుపు తనంతట తాను కదిలి, సుతారంగా వెళ్ళి, చప్పుడు లేకుండా పడింది.

తీశారు. మళ్ళీ వేశారు. మళ్ళీ పడింది.

"ఇదేమిటి?" అన్నారు.

"ఎండలకి ఆరిపోయిందండి," అన్నారు పుల్లంరాజు గారు. ఎందుకో ఆయనకే తప్పు చేసినట్టనిపించింది. "పది రోజులుగా బాగానే పడుతోంది. ఇక రంపం అవసరం లేదండి. నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటాను."

"మా వంటావార్పూ చూసుకోవాలి, ఇక దయచెయ్యండి," అంది చంద్రకాంతం వెనకనుంచి.

విశ్వపతి గారు దయచెయ్యలేదు. కుర్చీ అడిగి మరీ కూర్చున్నారు.

"మాస్టారూ, తమకు పరిస్థితి తీవ్రత అవగాహన అయినట్టు లేదు. పథకం మొదలై అయిదు నెలలు. దరఖాస్తులు ముప్ఫై. శిక్షణలు ఇరవై తొమ్మిది. కోతలు సున్న. వచ్చే సోమవారం పైనుంచి పరిశీలక బృందం వస్తోంది. వారి సమక్షంలో ఒక కోతైనా జరగవలెను. శిక్షణలో ప్రథములు తమరు. అన్ని దశలూ దాటిన దస్త్రం తమరిది ఒక్కటే."

"కాని తలుపు బాగానే ఉంది కదండీ."

"తలుపు బాగుంటే తమ దరఖాస్తు అబద్ధమవుతుంది. ప్రభుత్వోపాధ్యాయులు, అసత్య ధ్రువీకరణ ఇచ్చి, ఆరు వారాల ప్రభుత్వ శిక్షణ పొందినట్టు తమ సర్వీసు రిజిస్టరులో నమోదవుతుంది. విచారణ ఉంటుంది. విచారణ ముగిసేదాకా ఉద్యోగం..." విశ్వపతి గారు వాక్యం పూర్తి చేయకుండా మర్యాదగా ఆపేశారు.

చంద్రకాంతం భర్తవంక చూసింది. మామగారు కోదండపాణి గారు వీధరుగు మీదినుంచి, "అరంగుళమే కదయ్యా, పోనీ!" అని కేకేశారు.

అరంగుళమే కదా అని పుల్లంరాజు గారు కూడా సంతకం పెట్టేశారు.

శనివారం సాయంత్రం ఉత్తర్వు చేతికొచ్చింది. చదువుతూ చదువుతూ ఆయన కూలబడ్డారు. 'సదరు తలుపు కింది అంచునుండి అర అడుగు మేర కోత విధించుటకు' అని ఉంది. అంగుళం అన్నచోట అడుగని టైపు కొట్టారు. ఆయన సైకిలు మీద కేంద్రానికి పరిగెత్తారు.

"అర అడుగా? అర అడుగు పోతే పిక్కలదాకా కనిపిస్తుందండీ! ఇంట్లో వయసొచ్చిన పిల్ల ఉంది."

విశ్వపతి గారు ఉత్తర్వును రెండుసార్లు చదివారు. ఆయనకీ ఆడపిల్లలున్నారు. ఒక క్షణం మనిషిలా నిట్టూర్చారు. తరవాత అద్దాలు సర్దుకున్నారు.

"పొరపాటే. కాని సంతకమైన పొరపాటు. దీన్ని సవరించాలంటే మళ్ళీ సంఘం కూర్చోవాలి. సంఘం కూర్చుంటే మళ్ళీ శిక్షణ దాకా వెళుతుంది. సోమవారానికి వ్యవధి లేదు. తమరు పెద్దమనసు చేసుకోవలెను."

పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పేరాచారి అంతా విన్నాడు. బయటికొచ్చాక మాస్టారి సైకిలు హ్యాండిలు పట్టుకుని, "సోమవారం మీ తలుపు దింపి స్టేజీకాడికి తెచ్చే పని నాకే ఇచ్చారండి," అన్నాడు.

"జాగ్రత్తగా దింపు," అన్నారు మాస్టారు.

సోమవారం పొద్దున్నే లబ్ధిదారు వేదిక మీద ఉండాలన్నారు. పుల్లంరాజు గారు చలవబట్టలు కట్టుకుని, మునిసిపల్ మైదానంలో షామియానా కింద, 'తొలి కోత మహోత్సవం' అన్న బ్యానరు ముందు కూర్చున్నారు. కేంద్రం సిబ్బంది అందరూ వచ్చేశారు. పరిశీలకులు ముగ్గురూ మెడలో దండలతో కునుకుతున్నారు. కమిషనరు గారు మెరిసిపోతున్న కొత్త కరెంటు రంపాన్ని చేతుల్లోకి తీసుకుని, బరువు చూస్తూ, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఏ రంపం అన్న విషయంలో సంఘం ఆఖరుకు ఏకాభిప్రాయానికి రాలేకపోవడంతో, ఫొటోలో బాగా పడేది తీసుకున్నారు.

పది గంటలకు ట్రాలీ రిక్షా మీద తలుపు వచ్చింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిలువునా బంతిపూల దండలు వేసి ఉంది. బాజాలు మోగాయి. పేరాచారి, ఇంకో ఇద్దరు వడ్రంగులు దాన్ని మోసుకొచ్చి బల్లల మీద పడుకోబెట్టి, ఏమీ ఎరగనట్టు దిగి వెళ్ళిపోయారు.

"లబ్ధిదారు గారు స్వయంగా కోతరేఖ గీస్తారు!" అని మైకులో చెప్పారు.

పుల్లంరాజు గారు స్కేలూ పెన్సిలూ తీసుకుని, కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళారు. ఆ తలుపు ఆయన పెళ్ళయిన ఏడు పెట్టించింది. దాని లోపలివైపు హంసిని చిన్నప్పుడు మేకుతో చెక్కిన పిట్ట గీతలు ఇంకా కనిపిస్తుంటాయి. ఆయన వంగి దండలు పక్కకు జరిపారు. పిట్ట కనపడలేదు. దానికి బదులు కొబ్బరికాయంత తాళంకప్ప కనిపించింది.

అది ఆయన తలుపు కాదు.

ఆయన తలెత్తి జనంలో పేరాచారి కోసం వెతికారు. పేరాచారి లేడు. ఊళ్ళో వడ్రంగి అన్నవాడు ఒక్కడూ లేడు. అప్పుడాయనకి ఆ తాళంకప్ప ఎక్కడ చూశారో గుర్తొచ్చింది.

"బాత్రూం తలుపుకు ఇంత పెద్ద తాళమా?" అన్నారు కమిషనరు గారు, వంగి చూస్తూ.

పుల్లంరాజు గారు జీవితంలో అబద్ధం ఆడిన మనిషి కాదు.

"మా ఇంట్లో మర్యాదకు కాస్త ప్రాధాన్యం ఎక్కువండి," అన్నారు.

కమిషనరు గారు మెచ్చుకోలుగా భుజం తట్టారు. మాస్టారు స్కేలు ఆనించి, ఊపిరి బిగబట్టి, కింది అంచుకు సరిగ్గా ఆరంగుళాల పైన, ఇటునుంచి అటు ఒక గీత గీశారు. తన ఉద్యోగ జీవితంలోకెల్లా అంత తిన్నని గీత ఆయన ఎన్నడూ గీయలేదు.

రంపం బుర్రుమంది. మూడు వేళ్ళ మేర తెగగానే కరెంటు పోయింది. ఇంజనీరు లేచి, అది షెడ్యూలు ప్రకారం జరిగిన కోతేనని సగర్వంగా ప్రకటించాడు. జనరేటరు పెట్టారు. కమిషనరు గారు మిగతాది కోశారు. గీత వెంట మొదలైన కోత, ఫొటోల కోసం ఆయన తలెత్తినప్పుడల్లా వంకర తిరుగుతూ, ఒక చివర ఆరంగుళాలకీ ఇంకో చివర ఎనిమిదికీ తేలింది. చప్పట్లతో షామియానా అదిరింది. పరిశీలకులు మేలుకున్నారు.

లబ్ధిదారు సంతకాల కోసం విశ్వపతి గారు మాస్టారిని వెంటబెట్టుకుని కేంద్రానికి వచ్చారు. వరండా మలుపు తిరిగి ఆగిపోయారు. కొట్టుగదికి తలుపు లేదు. లోపల అరలున్నాయి. అరల మీద కాయితపు చీటీలున్నాయి. రంపాలు లేవు.

పేరాచారి గ్లాసులు కడుగుతున్నాడు.

"తలుపేది? రంపాలేవి?" విశ్వపతి గారి గొంతు కీచుమంది. "తాళంచెవి నా జేబులోనే ఉందే!"

"ఆయ్, చెవి మీకాడే ఉందండి. తలుపు బందుల మరలూ గడియ మరలూ మాత్రం బయటివైపుకే ఉన్నాయండి. స్వావలంబన అని ఈ తలుపు ఆఫీసోళ్ళే బిగించుకున్నారు కదండి, ఆ రోజు చెబుదామనుకున్నాను. సాంకేతికాభిప్రాయం అవుతుందని ఊరుకున్నాను." అతను గ్లాసు బోర్లించాడు. "మాస్టారమ్మగారు తలుపు ఇయ్యనంటే ఇయ్యనని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారండి. పది గంటలకి ఏదో ఒక తలుపు స్టేజీ ఎక్కాలి కదండి. ఇక ఇక్కడ గది తెరిచుందని, ఎవరి రంపం వాళ్ళు పట్టుకెళ్ళిపోయారండి."

"పోలీసులు! పోలీసులను పిలవండి!"

"పిలవచ్చండి," అన్నారు పుల్లంరాజు గారు నెమ్మదిగా. "కాని వాళ్ళు వస్తూనే ఈ గది తలుపేదని అడుగుతారు."

మైదానం వైపునుంచి బాజాలు వినిపిస్తున్నాయి. అక్కడ కమిషనరు గారు, ముగ్గురు పరిశీలకులతో కలిసి, కోసిన ముక్కను ఎత్తి పట్టుకుని ఫొటో దిగుతున్నారు. విశ్వపతి గారు బెంచీ మీద కూర్చున్నారు. రెండు గ్లాసుల టీ తాగారు. రెండో గ్లాసు అడుగంటేసరికి ఆయన ముఖంలో రంగు తిరిగొచ్చింది. కాయితం తెప్పించుకుని, పైకి చదువుకుంటూ రాశారు.

"మహోత్సవ సందర్భమున, కేంద్రమునందు భద్రపరచబడిన ముప్ఫై ఎనిమిది రంపములను, అర్హులైన ముప్ఫై ఎనిమిది మంది లబ్ధిదారులకు ఒకే దినమున పంపిణీ చేయడమైనది."

పథకానికి ఆ ఏడాది లక్ష్యం పాతిక రంపాలు. మర్నాడు లబ్ధిదారులను సంతకాలకు పిలిచారు. వడ్రంగులు ముప్ఫై ఎనిమిది మందీ గుడ్డల్లో చుట్టిన రంపాలు పట్టుకుని బారులు తీరారు. బల్ల దగ్గర పేర్లు రాసిపెట్టడానికి, చేతిరాత బాగుంటుందని, పుల్లంరాజు గారిని కూర్చోబెట్టారు. రిజిస్టరులో ఆఖరి గడి 'ఎంపికకు కారణము'.

చివరగా పేరాచారి వచ్చాడు. రంపం బల్ల మీద పెట్టాడు. పిడి అరిగి, నల్లబడి, వేళ్ళ గుర్తులు పడి ఉంది.

"ఎంపికకు కారణం?" అన్నారు విశ్వపతి గారు.

"మా నాన్నదండి. నా చేతికి అలవాటండి."

విశ్వపతి గారు దాన్ని కాసేపు చూశారు. "వంశపారంపర్య, శారీరక అనుకూలత. రాయండి," అన్నారు. తరవాత అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించారు. "మా వంటింటి కిటికీ రెక్క ఒకటి వానల నుంచీ పట్టేసిందయ్యా. వీలు చూసుకుని..."

"ఇళ్ళ పనులు చెయ్యకూడదు కదండి."

"లబ్ధిదారు తన రంపంతో అభ్యాసం నిమిత్తం ఏ ఇంటికైనా వెళ్ళవచ్చునని ఇవాళే సర్క్యులరు తీస్తాను."

"ఆయ్, అయితే సాయంత్రం వస్తానండి. చిత్రిక కూడా తెస్తాను." పేరాచారి అటెండరు బిళ్ళ తీసి రిజిస్టరు పక్కన పెట్టాడు. రంపం గుడ్డలో చుట్టుకుని, మాస్టారికి నమస్కారం చేసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పన్నెండు గంటలైంది. విశ్వపతి గారు అలవాటు కొద్దీ గంట కొట్టారు. ఎవరూ రాలేదు. ఇంకోసారి కొట్టారు. కాసేపు చూసి, ఆయనే లేచి, ఫ్లాస్కు చేత్తో పట్టుకుని, ఎండలో టీకొట్టు వైపు నడిచారు.